రోబోల రోగ్‌లైక్ గేమ్ సొంతంగా తయారుచేయడం ఎలా? క్రాఫ్టింగ్ చప్పబడకుండా

తుక్కు ఏరుకుంటూ, దొరికిన విడిభాగాలతో తన ఒంటిని తానే కట్టుకుంటూ నేలమాళిగలో ఒక్కో అంతస్తూ దిగే రోబో. రోగ్‌లైక్ అంటే ప్రతిసారీ మ్యాప్ కొత్తగా పుట్టే, చనిపోతే మొదటి నుంచి ఆడాల్సిన గేమ్. ఇలాంటి గేమ్ మొదలుపెట్టినవాళ్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది: మ్యాప్ వచ్చింది, శత్రువులు తిరుగుతున్నారు, ఏరిన సరుకుతో వస్తువులు తయారుచేసే క్రాఫ్టింగ్ మెనూ కూడా పెట్టాం, అయినా ఆట ఎందుకు రక్తి కట్టడం లేదు?

చాలాసార్లు కారణం ఒకటే. క్రాఫ్టింగ్‌ను అన్నీ అయ్యాక చివర్లో తగిలిస్తారు. అప్పటికే మ్యాప్, పోరాటం, శత్రువుల సంఖ్య స్థిరపడి ఉంటాయి కాబట్టి ఆటగాడికి అది సామాన్ల కొట్టులా కనిపిస్తుంది తప్ప తేల్చుకోవాల్సిన సమస్యగా కనిపించదు. అందుకే కింది వరుసలో మ్యాప్ ఐదో అడుగులో గానీ రాదు. వరుస మార్చకండి.

కావాల్సినవి

- పైతాన్ 3.10 లేదా ఆ తర్వాతి వెర్షన్. క్లాసులు, లిస్టులు, డిక్షనరీలు రాయడం వస్తే చాలు.
- లిబ్‌టీకాడ్ లైబ్రరీ (అక్షరాలతో నడిచే గేమ్‌లకు తెర, చూపు లాంటి పనులు చేసిపెట్టేది). పైతాన్ లైబ్రరీలు తెచ్చే పిప్‌తో దించుకునేటప్పుడు దాని పేరు నాలుగే ఇంగ్లిష్ అక్షరాలు: టి, సి, ఓ, డి. అంకెల పట్టికల (అరేల) లైబ్రరీ నమ్‌పై దానితోపాటే వస్తుంది.
- గిట్ (కోడ్ పాత రూపాలను దాచిపెట్టేది). ప్రతి అడుగు పూర్తయ్యాక ఒక కమిట్, అంటే అప్పటి కోడ్‌ను భద్రం చేయడం.
- ఏదో ఒక స్ప్రెడ్‌షీట్. కోడ్ ఎడిటర్‌తో సమానంగా దీని అవసరం పడుతుంది.

బొమ్మలు అక్కర్లేదు. 1980 నాటి రోగ్ గేమ్ అక్షరాలతోనే నడిచింది. మీ రోబో కూడా కొన్నాళ్లు ఒక్క అక్షరమై ఉంటే నష్టం లేదు. ఒంటి భాగాలే ఆస్తిగా ఉండే రోబో గేమ్ కాగ్‌మైండ్ కూడా 2012లో ఏడు రోజుల పోటీకి రాసిన చిన్న గేమ్‌గానే మొదలైంది.

ఒక్క హెచ్చరిక. తెరమీద సందేశాలు తెలుగులో చూపాలనుకుంటే లిబ్‌టీకాడ్ వద్దు. అది ఒక్కో యూనికోడ్ అక్షరాన్ని ఒక్కో గడిలో విడిగా పెడుతుంది. అందువల్ల గుణింతాలూ ఒత్తులూ కలవక విడిపోతాయి, ఫాంట్ మార్చినా ఇది బాగుపడదు. తెలుగు కావాలంటే గోడాట్ 4 అనే గేమ్ ఇంజిన్ తీసుకోండి. అందులో అక్షరాలను కలిపే హార్ఫ్‌బజ్ ఉంది, తెలుగు ఫాంట్ ఒకటి జోడిస్తే సరిపోతుంది. కింది అడుగుల ఆలోచన గోడాట్‌కూ వర్తిస్తుంది, పైతాన్, లిబ్‌టీకాడ్‌ల పనిముట్లకు బదులు మాత్రం అక్కడివి వాడాలి.

అడుగు 1: ఒకే గది, ఒకే శత్రువు, ఒకే పనిబల్ల

అడ్డం 20, నిలువు 15 గడుల గది ఒకటి నేరుగా కోడ్‌లోనే రాసేయండి. అందులో మీ రోబో, ఒక శత్రు రోబో, ఒక పనిబల్ల. శత్రువును పడగొట్టడం, రాలిన తుక్కు ఏరడం, బల్ల దగ్గర ఒక భాగం చేయడం, దాన్ని తగిలించుకోవడం, మళ్లీ శత్రువు రావడం. ఈ చక్రం తిరగడం మొదలయ్యాకే ముందుకు కదలండి. ఈ గదిలో పది నిమిషాలు ఆడబుద్ధి కాకపోతే, యాభై గదులు కట్టినా ఆడబుద్ధి కాదు.

గదిని చతురస్రంగా కాక 20×15గా పెట్టమనడానికి కారణం ఉంది. నమ్‌పై అరేలో మామూలుగా వరుస సంఖ్య ముందు, నిలువు గీత సంఖ్య తర్వాత వస్తాయి. మనం అడ్డం, నిలువు అని ఆలోచిస్తాం. ఈ రెండూ తారుమారైతే 20×20 గదిలో తప్పు బయటపడదు, అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. 20×15లో అయితే కుడివైపు చివరి గడులకు వెళ్లగానే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మొదటి రోజే వస్తే మీ అదృష్టం. అరేలు సృష్టించేటప్పుడే క్రమాన్ని ఫోర్ట్రాన్ పద్ధతికి పెట్టుకుంటే అడ్డం ముందు వస్తుంది. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని ప్రాజెక్టు అంతటా దానికే కట్టుబడండి.

అడుగు 2: కాలం

మీ వంతు, నా వంతు అని వంతులేస్తే గొలుసుచక్రాల రోబోకూ, ఎగిరే రోబోకూ తేడా ఉండదు. ప్రతి పనికీ ఒక ధర పెట్టండి:

- చక్రాలతో ఒక గడి: 100
- గొలుసుచక్రాలతో ఒక గడి: 150
- ఎగురుతూ ఒక గడి: 60
- కాల్పు: 120
- భాగం తగిలించడం: 150

ప్రతి రోబోకూ తన తర్వాతి వంతు ఎప్పుడో ఒక సంఖ్య ఉంటుంది. ఎవరి సంఖ్య చిన్నదో వాళ్లే ముందు కదులుతారు. అన్నిటికన్నా చిన్నదాన్ని ముందు తీసి ఇచ్చే పైతాన్‌లోని హీప్‌క్యూ ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది: ఇద్దరి సంఖ్యలూ సమానమైతే హీప్‌క్యూ టపుల్‌లోని రెండో అంశాన్ని పోల్చబోతుంది. అక్కడ రోబో ఆబ్జెక్టు ఉంటే టైప్ ఎర్రర్ వస్తుంది. సమయానికీ రోబోకూ మధ్య పెరుగుతూపోయే వరుస సంఖ్య ఒకటి పెట్టండి. రెండోది: చచ్చిన రోబో క్యూలోనే ఉండిపోయి, దాని వంతు రాగానే మిమ్మల్ని కాలుస్తుంది. క్యూలోంచి తీసిన ప్రతిసారీ బతికుందా లేదా చూడాలి. మూడోది: ఏదో ఒక పని ధర సున్నా అయిందంటే ఆ రోబో వంతు ఎప్పటికీ అయిపోదు, గేమ్ బిగుసుకుపోతుంది. ధర 10 కన్నా తగ్గితే ఎర్రర్ ఇచ్చేలా ఒక్క లైన్ రాసి ఉంచండి.

సరిచూడటం: మూడు రకాల రోబోలను ఖాళీ గదిలో వదిలి 600 యూనిట్లు నడపండి. ఎగిరేది 10 గడులు, చక్రాలది 6, గొలుసుచక్రాలది 4 కదలాలి. ఒక్కటి తేడా వచ్చినా క్యూలో తప్పుంది.

అడుగు 3: భాగాలే ఒళ్లు

రోబోకు నాలుగు రకాల స్లాట్లు చాలు: శక్తి, కదలిక, పనిముట్టు, ఆయుధం. ప్రతి భాగానికీ బలం, బరువు, కప్పు అనే మూడు అంకెలు ఉండాలి. కప్పు అంటే ఆ భాగం ఎదురుదెబ్బను తనమీదికి ఎంతగా తీసుకుంటుందో చెప్పే అంకె. తూటా తగిలినప్పుడు దెబ్బ ఎవరికి పడాలో ఈ అంకెల నిష్పత్తే తేలుస్తుంది. ర్యాండమ్ మాడ్యూల్‌లోని చాయిసెస్ ఫంక్షన్‌కు కప్పులను వెయిట్లుగా ఇస్తే పని అయిపోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. కోర్ (రోబో ప్రాణం ఉండే నడిమి భాగం) 100, గొలుసుచక్రాలు 80, జనరేటర్ 40, కవచం 120, తుపాకీ 60. మొత్తం 400. కోర్‌కు దెబ్బ తగిలే అవకాశం 25 శాతం. కవచం ఊడిపోతే మొత్తం 280కి దిగుతుంది, కోర్‌కు ప్రమాదం దాదాపు 36 శాతానికి పెరుగుతుంది. ఈ శాతాన్ని తెరమీద ఎప్పుడూ కనిపించేలా పెట్టండి. ఆటగాడికి తన బలం ఎంతో తెలియడంకన్నా తాను ఎంత బయటపడి ఉన్నాడో తెలియడం ముఖ్యం.

బరువుకు చిన్న నియమం చాలు: కదలిక భాగం మోయగలిగినదానికి మించితే ప్రతి గడికీ 50 యూనిట్లు అదనం.

అందరూ ఒక్కసారైనా పడే గుంట ఇక్కడే ఉంది. భాగాల వివరాలను ఒక డిక్షనరీలో నమూనాలుగా ఉంచుకుంటారు. కొత్త తుపాకీ కావాలంటే నమూనానే నేరుగా రోబోకు ఇచ్చేస్తారు. దాంతో గేమ్‌లో తుపాకులన్నీ ఒకే ఆబ్జెక్టు అవుతాయి, ఒకదానికి దెబ్బ తగిలితే అన్నీ దెబ్బతింటాయి. డీప్‌కాపీ (పూర్తిగా విడి నకలు) చేసి ఇవ్వండి. సరిచూడటం సులువు: రెండు తుపాకులు చేసి ఒకదాని బలం 5 తగ్గించండి, రెండోదాన్ని అచ్చువేసి చూడండి.

అడుగు 4: క్రాఫ్టింగ్

ముడిసరుకు మూడు రకాలకు మించొద్దు: తుక్కు, తీగ, సెల్. పన్నెండు రకాల ఖనిజాలు పెడితే ఆటగాడు ఆలోచించడు, సంచీ సర్దుకుంటూ కూర్చుంటాడు.

మొదటి అంతస్తుకు ఈ నాలుగు వంటకాలతో (ఏ వస్తువుకు ఏ సరుకు ఎంతో చెప్పే సూత్రాలతో) మొదలుపెట్టండి:

- రివెట్ తుపాకీ: తుక్కు 8, తీగ 4, సమయం 300
- పలక కవచం: తుక్కు 14, సమయం 400
- చిన్న జనరేటర్: తుక్కు 6, తీగ 6, సెల్ 1, సమయం 600
- మరమ్మతు (ఒక భాగానికి 20 బలం): తుక్కు 5, సమయం 200

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఆ అంతస్తులో ఐదు శత్రు రోబోలు, ఒక్కోదాని నుంచి సగటున 7 తుక్కు, 2 తీగలు, అంతస్తు మొత్తానికి ఒక సెల్ అనుకుందాం. ఆదాయం 35 తుక్కు, 10 తీగలు, 1 సెల్. ఆటగాడి కోరికలు: తుపాకీ, కవచం, జనరేటర్, మూడు మరమ్మతులు. తీగలూ సెల్లూ సరిగ్గా సరిపోతాయి కానీ తుక్కు 43 కావాలి, చేతిలో 35 ఉంది. ఆ ఎనిమిది తుక్కుల లోటులోనే ఆటంతా ఉంది. కవచం మానేయాలా, రెండు మరమ్మతులు వదులుకుని కుంటుతూ దిగాలా అని ఆటగాడు ఆగి ఆలోచిస్తాడు. తుక్కు ఆదాయం కోరికల్లో 75–85 శాతం మధ్య ఉండేలా ప్రతి అంతస్తుకూ ఈ లెక్క వేయండి. నూరు దాటితే ఆలోచన పోతుంది. అరవైకి దిగితే ఆటగాడు క్రాఫ్టింగ్‌నే పట్టించుకోవడం మానేసి మెట్లకోసం పరిగెడతాడు.

సమయం ధరను తీసేయొద్దు. బల్ల దగ్గర 600 యూనిట్లు నిలబడాలంటే గస్తీ రోబో వచ్చే భయం ఉండాలి. మధ్యలో శత్రువు కనిపిస్తే పని ఆగిపోవాలి, చేసినంతవరకు మాత్రం అలాగే నిలవాలి. ఆగినప్పుడల్లా పని మొదటికి వస్తే ఆటగాడు బల్ల దగ్గరికే రాడు.

శత్రువు పడిపోయినప్పుడు దాని భాగాలు దక్కే అవకాశాన్ని, ఆ భాగానికి మిగిలిన బలం శాతంతో సమానం చేయండి. 70 శాతం బలం మిగిలిన చక్రానికి దక్కే అవకాశం కూడా 70 శాతమే. ఇంత చిన్న నియమంతో పోరాటం క్రాఫ్టింగ్‌కు ముడిపడుతుంది. కోర్‌కు గురిపెట్టి పడగొడితే సరుకు మిగులుతుంది, బాంబు వేస్తే బూడిద మిగులుతుంది.

ఇక లీకుల సంగతి, అంటే చేసి విప్పుతూ ఉంటే సరుకు ఊరికే పెరిగే దారులు. భాగాన్ని విప్పితే సగం ముడిసరుకు తిరిగి ఇవ్వండి, భిన్నం వస్తే ఎప్పుడూ కిందికే సవరించండి. పైకి సవరిస్తే ఒక్క సెల్ పెట్టిన జనరేటర్ విప్పగానే ఆ సెల్ మొత్తం తిరిగొస్తుంది. రెండు రివెట్ తుపాకులూ 4 తీగలూ కలిపి జంట తుపాకీ చేస్తే, విప్పితే ఎంత రావాలో చేత్తో రాయకండి. మూలానికి వెళ్లి లెక్కించండి: 16 తుక్కు, 12 తీగలు, అందులో సగం 8, 6. చేత్తో 20 అని రాసేస్తే అక్కడినుంచి తుక్కు ఊరుతూనే ఉంటుంది.

ఇంతకన్నా కనిపించని లీకు రెండు పనిముట్లు కలిసినప్పుడు వస్తుంది. తయారీ ఖర్చు 25 శాతం తగ్గించేది ఒకటి, విప్పితే 80 శాతం ఇచ్చేది ఇంకొకటి అనుకోండి. 16 తుక్కుల వస్తువుకు ఖర్చు 12, రాబడి 12.8 అంటే కిందికి 12. లీకు కనిపించదు. అదే 20 తుక్కుల వస్తువుకు ఖర్చు 15, రాబడి 16. ప్రతిసారీ ఒక తుక్కు లాభం. కాబట్టి పరీక్ష రాసేటప్పుడు అన్ని తగ్గింపులూ, అన్ని పెంపులూ ఒకేసారి తగిలించి, ప్రతి వంటకానికీ రాబడి ఖర్చుకన్నా తక్కువేనా అని చూడండి. సమానం వచ్చినా తప్పుగానే లెక్కించండి.

ముడిసరుకు తగ్గించే వరుస కూడా ముఖ్యం. ముందు సరుకు ఉందా, తర్వాత సంచీలో చోటుందా, ఆ రెండూ చూశాకే తగ్గించాలి. సంచీ నిండా నింపుకుని కవచం చేసి చూడండి. తుక్కు పోయి కవచం రాకపోతే వరుస తప్పినట్టే.

వంటకాలన్నీ జేసన్ ఫైల్‌లో (సమాచారాన్ని మామూలు అక్షరాల్లో రాసుకునే పద్ధతి) ఉంచండి. చివరి అంశం తర్వాత కామా ఉంటే జేసన్ ఒప్పుకోదు. పేర్లు తెలుగులో రాస్తే ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పక చెప్పండి, లేకపోతే విండోస్‌లో అక్షరాలు చెడిపోవచ్చు.

అడుగు 5: నేలమాళిగ

ఇప్పుడు మ్యాప్. అడ్డం 60, నిలువు 36. వెడల్పు 5–11, ఎత్తు 4–8 మధ్య గదులను 40 సార్లు యాదృచ్ఛికంగా పెట్టడానికి ప్రయత్నించండి. మరో గదికి ఒక గడి దూరంలోపు వస్తే వదిలేయండి. పెట్టిన ప్రతి గదినీ అంతకుముందు పెట్టిన గదితో మధ్య నుంచి మధ్యకు మలుపు దారితో కలపండి. ఇంతే.

ఇంతవరకు అన్ని గదులూ ఎలాగూ కలిసే ఉంటాయి. తెగిపోయేది తర్వాత స్తంభాలు, శిథిలాలు, తాళం తలుపులు చల్లినప్పుడు. అందుకే అలంకరణ అంతా అయ్యాక, ఆటగాడు నిలబడ్డ గడి నుంచి ఫ్లడ్‌ఫిల్ (పక్క గడుల్లోకి నీరులా పాకి చేరగలిగినవన్నీ గుర్తించడం) నడపండి. చేరుకున్న గడుల సంఖ్య మొత్తం నడవగలిగే గడులతో సమానం కాకపోతే ఆ మ్యాప్ పారేసి కొత్తది చేయండి. 50 ప్రయత్నాల్లో రాకపోతే సీడ్ సంఖ్యతో (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే విత్తు సంఖ్య) ఎర్రర్ ఇచ్చి ఆగాలి, అంతులేకుండా తిరగకూడదు. తాళం తలుపు ఉంటే దాన్ని గోడగా లెక్కించి ఇంకోసారి ఫ్లడ్‌ఫిల్ చేయండి, తాళంచెవి ఆ చేరుకున్న గడుల్లోనే ఉండాలి. పనిబల్లకూ ఇదే షరతు. మెట్లను దూరం ఎక్కువగా వచ్చిన గదిలో పెట్టండి.

అడుగు 6: చూపు, వెంటాట

చూపుకు, అంటే ఏ గడులు కనిపిస్తాయో లెక్కించడానికి, లిబ్‌టీకాడ్‌లో ఉన్న సిమెట్రిక్ షాడోకాస్ట్ వాడండి, వ్యాసార్థం 8. ఇతర పద్ధతుల్లో కొన్ని మూలల దగ్గర శత్రువు మిమ్మల్ని చూస్తుంది, మీకు శత్రువు కనిపించదు. కనిపించని గోడవార నుంచి తూటా వస్తే ఆటగాడు ఆటను తిడతాడు, తన పొరపాటును కాదు. తలుపు తెరిచినప్పుడు, గోడ కూలినప్పుడు కూడా చూపు మళ్లీ లెక్కించాలి. చాలామంది నడిచినప్పుడు మాత్రమే లెక్కిస్తారు.

వెంటాటకు ఒక్కో శత్రువుకు ఒక్కో దారి వెతకక్కర్లేదు. ఆటగాడి నుంచి ప్రతి గడికీ దూరం ఒకేసారి లెక్కించే డైక్‌స్ట్రా మ్యాప్ చేస్తే, శత్రువులంతా తమ చుట్టూ ఉన్న చిన్న అంకె వైపు జరుగుతారు. పారిపోయే రోబో కావాలంటే ఆ అంకెలను మైనస్ 1.2తో గుణించి మ్యాప్‌ను మళ్లీ సాఫీ చేయండి. అప్పుడది మూలకు చేరి బిక్కుబిక్కుమంటూ నిలబడకుండా, అవసరమైతే మీ పక్కనుంచైనా తప్పించుకుంటుంది. ఇరుకు దారిలో తోటి రోబోను గోడగా లెక్కించకండి, నాలుగైదు గడుల అదనపు దూరంగా లెక్కించండి. లేకపోతే ముందున్నది ఆగగానే వెనకవన్నీ రాళ్లలా నిలిచిపోతాయి.

అడుగు 7: సీడ్

అదే సీడ్ ఇస్తే అదే నేలమాళిగ రావాలి. మ్యాప్‌కు ఒక ర్యాండమ్ ఆబ్జెక్టు, పోరాటానికి వేరే ఆబ్జెక్టు పెట్టండి. రెంటికీ ఒకటే వాడితే మొదటి అంతస్తులో ఎక్కువ తూటాలు కాల్చిన పాపానికి రెండో అంతస్తు మారిపోతుంది, ఎవరైనా తప్పు చూపిస్తే దాన్ని మళ్లీ రప్పించలేరు.

అన్నీ సరిగ్గా ఉన్నా ప్రతిసారీ మ్యాప్ మారుతోందంటే సెట్‌లను అనుమానించండి. పైతాన్‌లో పదాల హ్యాష్ విలువ ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ మారుతుంది, దాంతో పదాల సెట్ వరుసా మారుతుంది. సెట్‌లోంచి ఎంచుకునే ముందు సార్ట్ చేయండి. సరిచూడటానికి ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, రెండు మ్యాపులనూ ఫైళ్లలోకి రాసి పోల్చాలి. ఒకే పరుగులో రెండుసార్లు చేస్తే ఈ తప్పు దొరకదు.

అడుగు 8: సేవ్

పైతాన్ ఆబ్జెక్టులను ఫైల్‌లో దాచే పికిల్‌తో ఒక్క ఫైల్. ముందు తాత్కాలిక పేరుతో రాసి, రాయడం పూర్తయ్యాక అసలు పేరుకు మార్చండి, మధ్యలో కరెంటు పోయినా పాతది మిగులుతుంది. ఫైల్‌ను ఆటగాడు చనిపోయినప్పుడే తుడిచేయాలి. తెరవగానే తుడిచేస్తే మీ ప్రోగ్రామ్ చేసిన తప్పుకు ఆటగాడి రోబో బలవుతుంది. ఫైల్‌లో వెర్షన్ సంఖ్య ఉంచండి. ఇతరులు పంపిన పికిల్ ఫైళ్లు తెరవొద్దు, వాటితో మీ కంప్యూటర్‌లో ఏ కోడైనా నడిపించవచ్చు.

అడుగు 9: తెర లేకుండా వెయ్యి ఆటలు

దగ్గరి శత్రువును కాల్చడం, తుక్కు ఏరడం, కొనగలిగినదాంట్లో ఖరీదైనది చేయడం, మెట్లు దిగడం. ఇంతే తెలిసిన మొద్దు బాట్ ఒకటి రాయండి. తెర తీసేసి 1000 సీడ్లమీద నడిపి, ప్రతి ఆటకూ చనిపోయిన అంతస్తు, కారణం, చేతిలో మిగిలిన తుక్కు రాసుకోండి.

మిగిలిన తుక్కు అంతస్తు అంతస్తుకూ పెరుగుతూ పోతుంటే నాలుగో అడుగు లెక్క తప్పింది. ఒకే భాగం మూడొంతుల ఆటల్లో మొదట తయారవుతుంటే అది మరీ చవక. బాట్ ఆఖరి అంతస్తుకు తరచూ చేరుతుంటే ఆట సులువైపోయింది, ఎందుకంటే దానికి ఆలోచనే లేదు. ఆటగాడి ప్రతాపాన్ని ఈ బాట్ కొలవలేదు, సరుకు ప్రవాహాన్ని మాత్రం బాగా చూపిస్తుంది. సరదా సంగతి తేలాలంటే మనుషులే ఆడాలి.

అడుగు 10: ఇతరులకు ఇవ్వడం

పైతాన్ లేని కంప్యూటర్‌లోనూ నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పైఇన్‌స్టాలర్‌తో కట్టండి. ఒకే ఫైల్‌గా కాక ఫోల్డర్‌గా కడితే త్వరగా తెరుచుకుంటుంది, యాంటీవైరస్‌లు అనుమానించే అవకాశమూ కొంత తగ్గుతుంది. వంటకాల జేసన్, అక్షరాల ఆకారాలుండే ఫాంట్ బొమ్మ ఫైల్ రెండింటినీ ప్యాకేజీలో చేర్చమని విడిగా చెప్పాలి. కోడ్‌లో వాటి దారిని ప్రోగ్రామ్ నడుస్తున్న ఫోల్డర్ నుంచి కాక, కోడ్ ఫైల్ ఉన్న చోటి నుంచి లెక్కించండి. కట్టిన ఫోల్డర్‌ను పైతాన్ లేని మరో కంప్యూటర్‌లోకి మార్చి, అక్కడ ఒక కవచం తయారుచేసి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూడండి. కవచం ఒంటిమీదే ఉంటే పంపించేయొచ్చు.